డిక్షనరీలో ఉంటేనే పదమా?

హైస్కూలు క్విజ్ పోటీల్లో ఎన్నేళ్లయినా పాతబడని ప్రశ్న ఒకటుంది: ఇంగ్లీషులో అన్నిటికంటే పొడవైన పదం ఏది? మార్కాపురంలో అడిగినా, గిద్దలూరులో అడిగినా, త్రిపురాంతకంలో అడిగినా ఎవరో ఒక పిల్లాడు లేచి గుక్క తిప్పుకోకుండా ‘న్యూమోనో అల్ట్రా మైక్రోస్కోపిక్ సిలికో వాల్కనో కోనియోసిస్’ అని అప్పజెప్పేస్తాడు. మొత్తం 45 అక్షరాలు. చప్పట్లు మోగుతాయి. ఆ మాట పెట్టి ఒక వాక్యం చెప్పు నాయనా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే పిల్లాడి కంటే ముందు అడిగినవాళ్లకే ఇబ్బంది.

రోగికి జబ్బు పేరు చెప్పడానికి ఏ వైద్యుడూ ఆ మాటను పుట్టించలేదు. 1935లో న్యూయార్క్‌లో నేషనల్ పజ్లర్స్ లీగ్ అనే సంఘం సమావేశమైంది. పదాలతో ఆడుకునేవాళ్ల సంఘం అది. దాని అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ వైద్యశాస్త్రపు పేర్ల మీద పరిహాసంగా ముక్కకు ముక్క అతికించి ఈ కొండచిలువను తయారు చేశాడు. ఒక పత్రిక దాన్ని వార్తగా వేసింది. పత్రిక నుంచి పుస్తకాలకు, పుస్తకాల నుంచి నిఘంటువులకు పాకింది. చివరికి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలోనూ చోటు సంపాదించింది. అయితే వాళ్లు చురక వేయడం మానలేదు. ఫలానా ఊపిరితిత్తుల జబ్బు అని ‘చెప్పుకునే’ కృత్రిమమైన పొడుగాటి మాట అని దాని పక్కనే రాశారు.

ఆ ముక్కల్ని విప్పి చూస్తే మన పశ్చిమ ప్రకాశం వాళ్లకు తెలిసిన సంగతే బయటపడుతుంది. కంటికి ఆనని సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి తెచ్చే జబ్బు. మార్కాపురం పలకలతో అక్షరాలు దిద్దిన తరాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. పలక రాయిని గని నుంచి తీసి, ఉలితో పొరలుగా చీల్చి, కోసి, అరగదీసి, చెక్క చట్రంలో బిగిస్తే మనకు తెలిసిన పలక. కోసేటప్పుడూ అరగదీసేటప్పుడూ లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాల కార్ఖానాల కార్మికులను ఆ దుమ్ము ఏం చేసిందో వైద్య పరిశోధకులు చాలా ఏళ్ల క్రితమే నమోదు చేశారు. ఆ జబ్బుకు డాక్టర్లు రాసే పేరు సిలికోసిస్. విస్కాంటి అనే ఇటలీ వైద్యుడు 1870 ప్రాంతంలో పెట్టిన పేరది. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టంలో, విధిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో సిలికోసిస్‌ను చేర్చారు. కార్మికుల పరిహార చట్టంలోనూ చేర్చారు. కాగితం మీద ఆ మాట పడితే ఒక కుటుంబానికి నష్టపరిహారం అడిగే దారి తెరుచుకుంటుంది. 45 అక్షరాల మాట రాసి ఏ అధికారి ముందు పెట్టినా ఆయన నవ్వి పక్కన పెడతాడు.

రెండూ డిక్షనరీలో ఉన్నాయి. రెండూ సుమారుగా ఒకే జబ్బు. ఒకటి బతికిన మాట, రెండోది బొమ్మల కొలువులో బొమ్మ. అంటే డిక్షనరీలో ఉండటమనేది మనం అనుకున్నంత గట్టి రుజువేమీ కాదు. మరి వింత ఇంగ్లీషు మాట కనబడ్డప్పుడు అది నిజమైన పదమో కాదో తేల్చేది ఏది?

మన పండితులకు ఈ ప్రశ్న కొత్త కాదు. సభలో ఎవరైనా తెలియని మాట వాడితే వాళ్లు వేసే ఎదురు ప్రశ్న ఒకటే: ప్రయోగం ఉందా? అంటే పూర్వకవులు ఎవరైనా వాడారా, ఏ కావ్యంలో, ఏ పద్యంలో అని. చూపిస్తే మాట నిలుస్తుంది. చూపలేకపోతే ఎంతటివాడైనా కూర్చోవలసిందే. కావ్యాలతో పాటు శాసనాలు కూడా సాక్ష్యమే. త్రిపురాంతకేశ్వరుడి గుడిలోని రాళ్ల మీద కాకతీయుల కాలపు శాసనాలున్నాయి. కాయస్థ అంబదేవుడు 1290లో వేయించినది వాటిలో పేరున్నది. చరిత్రకారులు అలాంటి రాళ్లలో రాజుల గెలుపోటములు వెతుకుతారు. నిఘంటుకారులు వాటినే మాటల కోసం చదువుతారు. రాతి మీద మాట ఉంటే దానికి ఊరు ఉంటుంది, శకసంవత్సరం ఉంటుంది, వాక్యం ఉంటుంది. కుందూరి ఈశ్వరదత్తు కూర్చిన శాసన శబ్దకోశం ఆ పద్ధతిలో పుట్టిన పుస్తకమే.

ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చేసింది సరిగ్గా ఇదే పని, కాకపోతే ఊహకందనంత పెద్ద ఎత్తున. 1879లో సంపాదకుడు జేమ్స్ ముర్రే ఇంగ్లీషు చదివే ప్రజలందరికీ విజ్ఞప్తి పంపాడు. మీరు చదివే పుస్తకంలో విశేషమైన మాట కనబడితే ఒక చీటీ మీద ఆ మాట, అది ఉన్న వాక్యం, పుస్తకం పేరు, సంవత్సరం రాసి పంపండి అన్నాడు. చీటీలు బస్తాల్లో వచ్చి పడ్డాయి. మొదటి భాగం 1884లో వెలువడింది, చివరిది 1928లో. అంతా అయ్యేసరికి లెక్క తేలింది 4,14,825 పదాలు, వాటికి సాక్ష్యంగా 18 లక్షలకు పైగా ఉదాహరణ వాక్యాలు. ముర్రే ఆ రోజు చూడకుండానే 1915లో కన్నుమూశాడు.

మన పండితులకూ ముర్రేకూ ఉన్న తేడా సాక్షుల ఎంపికలో ఉంది. మనవాళ్లకు చాలాకాలం కవి నోటి మాటే సాక్ష్యం. ముర్రేకు కవి ఎంతో, దినపత్రిక, వంటల పుస్తకం, ఓడ కెప్టెన్ డైరీ కూడా అంతే. ఇందుకు ఆయన్ని తప్పుబట్టినవాళ్లు అక్కడా ఉన్నారు, పత్రికల భాష కూడా ఒక భాషేనా అని. మన దగ్గర కవి మాటకూ వాడుక మాటకూ మధ్య ఉన్న గోడ కూలడానికి గిడుగు రామమూర్తి పంతులు లాంటివాళ్ల పోరాటం కావలసి వచ్చింది. ఆ తర్వాత ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇంకో అడుగు ముందుకు వేశారు. రైతుల నోటి నుంచే వ్యవసాయ పదాలు సేకరింపజేసి, ఏ మాట ఏ ప్రాంతంలో వినబడుతుందో చూపిస్తూ 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. నాగలి భాగాల పేర్లకు ఏ ప్రబంధంలో ప్రయోగం దొరుకుతుంది? దున్నేవాడే సాక్షి.

సాక్ష్యాలు చేతికొచ్చాక నిఘంటువు వాళ్లు చూసేవి ఏమిటి? కనిపెట్టినవాడు కాక వేరేవాళ్లు వాడుతున్నారా అన్నది మొదట చూస్తారు. ఒక్క రచయిత, ఒక్క పత్రిక, ఒక్క ఊరు చాలవు. ఎన్నాళ్లుగా వాడుతున్నారో చూస్తారు. ఒక వేసవిలో ఊగి మరో వేసవికి ఆరిపోయే మాటలు చాలా ఉంటాయి. ఒక అర్థం నిలకడగా ఉందా అనీ చూస్తారు. నా దృష్టిలో వీటన్నిటికంటే నమ్మదగిన గుర్తు ఇంకొకటి ఉంది. మాట వాడినవాడు దాని అర్థం వివరించాడా, వివరించకుండానే ముందుకు పోయాడా అనేది. ‘దీన్నే ఫలానా అంటారు’ అని రాసినంత కాలం ఆ మాట అతిథి. వివరణ మానేసిన రోజు నుంచి ఇంటి మనిషి.

దీనికి మన ప్రకాశంలోనే ఒక చేదు ఉదాహరణ ఉంది. 1937లో షార్ట్ అనే వైద్యాధికారి, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలో తాగునీటి వల్ల వచ్చే ఎముకల, పళ్ల జబ్బు గురించి వైద్య పత్రికలో రాశారు. వాళ్లు చూసిన ఊళ్లు అప్పటి నెల్లూరు జిల్లాలోవి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు ఆనాడు ఆ జిల్లాలోనే ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటువైపు వచ్చాయి. షార్ట్ వాడిన ఫ్లోరోసిస్ అనే మాట అప్పటికి డాక్టర్లకే కొత్త. ఇవాళ ఆ జబ్బుకు కారణమైన ఫ్లోరైడ్ పేరును కనిగిరి వైపు బడి ముఖం చూడని ముసలమ్మ కూడా పలుకుతుంది, ‘ఫ్లోరైడ్ నీళ్లమ్మా, కాళ్లు వంకరపోయినయ్యి’ అంటుంది. వివరణ లేదు, తడబాటు లేదు. శాస్త్రజ్ఞుల పత్రికల నుంచి వచ్చిన మాటకు ఇంతకంటే గట్టి సాక్షి ఎవరు కావాలి? ఈ సాక్ష్యం కోసం ఇన్ని మోకాళ్లు ఖర్చుపెట్టాల్సి రావడం వేరే సంగతి.

మాటలు ఇటు నుంచి అటు కూడా వెళ్తాయి. పందికొక్కు సంగతి చూడండి. చేను గట్టున బొరియ తవ్వి, కంకులు కొరికి లోపలికి మోసుకుపోయే ఆ జంతువును ఈ ప్రాంతపు రైతుకు పరిచయం చేయనక్కర్లేదు. బొరియ తవ్వితే సేర్ల కొద్దీ గింజలు బయటపడతాయి. ఈస్టిండియా కంపెనీ దొరలు దీన్ని చూసి, మనవాళ్లు పిలిచినట్టే పిలవబోయి బ్యాండికూట్ అన్నారు. 1886లో యూల్, బర్నెల్ తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ పదాల నిఘంటువు ఇది తెలుగు పందికొక్కే అని రాసింది. పంది, కొక్కు అని విడదీసి అర్థం కూడా చెప్పింది. ఆక్స్‌ఫర్డ్ కూడా అదే మాట అంది. జంతుశాస్త్రం వాళ్లు 1873లో ఈ జాతికి బ్యాండికోటా అని నామకరణం చేసి, లాటిన్ తోక తగిలించారు.

కథ అక్కడితో ఆగలేదు. 1799లో జార్జ్ బాస్ అనే అన్వేషకుడు ఆస్ట్రేలియాలో మూతి పొడుగ్గా ఉన్న ఒక చిన్న జంతువును చూసి దాన్నీ బ్యాండికూట్ అనేశాడు. అది కంగారూ లాగా పిల్లల్ని సంచిలో మోసే జీవి. మన పందికొక్కుకూ దానికీ చుట్టరికం ఏ కోశానా లేదు. అయినా అక్కడ ఆ పేరే స్థిరపడింది. ఇంకా తమాషా ఏమిటంటే ఆస్ట్రేలియా వాళ్లు దాన్ని క్రియ కూడా చేశారు. పైన మొక్క కదలకుండా కింద మట్టి తవ్వి బంగాళాదుంపలు దొంగిలించడాన్ని అక్కడ బ్యాండికూట్ చేయడం అంటారు. మన రైతు వింటే, పేరు ఎవరికి పెట్టినా పని మాత్రం సరిగ్గా పట్టుకున్నారే అంటాడు. 1996లో క్రాష్ బ్యాండికూట్ అని ప్లేస్టేషన్ ఆట వచ్చింది. మన పిల్లలు ఆ ఆట ఆడుతూ అది తమ తాతయ్య తిట్టుకునే జంతువు పేరని ఎరక్కుండా పెరిగారు. రెండు శతాబ్దాలకు పైగా మూడు ఖండాలు, నామవాచకం నుంచి క్రియ వరకు. ఈ మాట నిజమైనదేనా అని ఎవరూ ఎన్నడూ అడగలేదు. మన ‘పిట్ట’ కూడా ఇలాగే వెళ్లింది. 1816లో వీయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒక రంగురంగుల పక్షిజాతికి పిట్టా అనే పేరు ఖాయం చేశాడు. మనకు ప్రతి చిన్న పక్షీ పిట్టే. వాళ్లకు మాత్రం ఆ ఒక్క కుటుంబమే.

వాడుకలో స్థిరపడాలంటే పేరు ఒప్పు కానక్కర్లేదని బ్యాండికూట్ తేల్చింది. దీనికి గిద్దలూరు అడవే ఇంకో సాక్ష్యం. నీలంగా మెరిసే ఒక పెద్ద సాలెపురుగును ఇంగ్లీషులో గుత్తి సాలీడు అంటారు. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని వర్ణించినప్పుడు ఆయన చేతికందిన నమూనా గుత్తిలో రైల్వే కలప డిపోలో దొరికింది. దుంగలతో పాటు అక్కడికి చేరి ఉంటుంది. ఆ తర్వాత వందేళ్ల పాటు అది ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. అది ఉండేది ఇక్కడ, పేరేమో గుత్తిది. వజ్రాలు దొరికింది పల్నాటి కొల్లూరులోనైతే పేరు గోల్కొండకు దక్కి, చిన్న అక్షరంతో రాసే గోల్కొండ ఇంగ్లీషులో ‘తరగని సంపద’ అనే మాటగా నిలబడిపోలేదా? పేరు మార్చమని అర్జీ పెట్టుకోవడం వృథా. ప్రయోగం పడిపోయింది.

ఇప్పుడు మాస్టార్ల ఎర్ర సిరాకు తరచుగా బలయ్యే మాటకు వద్దాం: ప్రీపోన్. పరీక్ష వాయిదా పడితే పోస్ట్‌పోన్, ముందుకు జరిగితే ప్రీపోన్. ఇది మన దేశం వాళ్లు తప్పుగా పుట్టించిన మాట, ఇంగ్లండులో ఎవరూ అనరు, డిక్షనరీలో లేదు అని చెప్పే మాస్టార్లు ఇంకా ఉన్నారు. మొదటి మాట తప్పు. 1913లో న్యూయార్క్ టైమ్స్ పత్రికకు జాన్ ట్రెనార్ అనే ఆయన ఒక లేఖ రాశాడు. ఈ ఉరుకుల పరుగుల యుగంలో పోస్ట్‌పోన్‌కు పోటీగా ప్రీపోన్ అనే మాటను పుట్టిస్తున్నానని అందులో ప్రకటించుకున్నాడు. పుట్టించిన పెద్దమనిషి ఉన్నాడు, పెద్ద పత్రికలో అచ్చయింది, కానీ అమెరికాలో దాన్ని ఎవరూ చేరదీయలేదు. ఆ లేఖ ఊసే తెలియని మనవాళ్లు చాలా ఏళ్ల తర్వాత అదే మాటను తమ అవసరం కొద్దీ పుట్టించుకున్నారు. కాలేజీ నోటీసు బోర్డుల మీద, ఆఫీసు సర్క్యులర్లలో, పత్రికల శీర్షికల్లో వాడి బతికించారు. మూడో మాటా తప్పే. ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఉంది, అమెరికా వాళ్ల మెరియం-వెబ్‌స్టర్‌లోనూ ఉంది. ముఖ్యంగా భారతదేశపు వాడుక అని పక్కన గమనిక ఉంటుంది, అంతే. ఇంగ్లండులో అనరన్న రెండో మాట మాత్రం చాలావరకు నిజం. లండన్ కంపెనీకి ఉత్తరం రాసేటప్పుడు అది గుర్తుంచుకుంటే చాలు.

కో-బ్రదర్ కూడా ఇలాంటిదే. ఇంగ్లీషువాడికి బావ, బావమరిది, మరిది, తోడల్లుడు అందరూ ఒకటే మాటలో ఇమిడిపోతారు. మనకు ఇమడరు. పెళ్లిలో తోడల్లుడికి జరగాల్సిన మర్యాద వేరు, బావమరిదికి వేరు. ఆ తేడా చెప్పలేని భాషలో మాట్లాడాల్సి వచ్చినప్పుడు దక్షిణాది వాళ్లు ఆ భాషకే ఒక మాట కుట్టిచ్చారు. దీన్ని వెక్కిరించేవాళ్లను చూస్తే నాకు చిరాకు. అవసరం ఉన్నచోట పుట్టి, అందరికీ అర్థమై, తరాలుగా వాడుకలో ఉన్న మాటకు ఇంకేం అర్హత కావాలి?

డిక్షనరీ కూడా మనుషులు చేసేదే కాబట్టి అక్కడా పొరపాట్లు జరుగుతాయి. 1931లో వెబ్‌స్టర్ డిక్షనరీ ఆఫీసులో రసాయనశాస్త్రం చూసే సంపాదకుడు ఒక చీటీ పంపాడు. పెద్ద ‘డి’ గానీ చిన్న ‘డి’ గానీ సాంద్రతకు సంకేతం అని దాని భావం. సంకేతాల కట్టలోకి పోవాల్సిన చీటీ పదాల కట్టలోకి పోయింది. పెద్ద డి, గానీ అనే ఇంగ్లీషు మాట, చిన్న డి కలిసి ‘డోర్డ్’ అయ్యింది. 1934 సంచికలో డోర్డ్ అంటే సాంద్రత అని అచ్చయింది. ఎవరూ ఎక్కడా వాడని మాట ఐదేళ్ల పాటు దర్జాగా అచ్చులో కూర్చుంది. 1939లో ఒక సంపాదకుడు ఈ మాటకు పుట్టుపూర్వోత్తరాలు లేవేమిటని తవ్వితే బండారం బయటపడింది. ఇటువంటి దయ్యపు పదాలకు ఆ పేరు పెట్టింది స్కీట్ అనే పండితుడు, 1886లో. ఆక్స్‌ఫర్డ్‌లో దీనికి తలకిందులైన సంగతి జరిగింది. దాసి అనే అర్థంలో బైబిల్లోనే ఉన్న బాండ్‌మెయిడ్ అనే మాట మొదటి కూర్పులో లేకుండా పోయింది. దాని చీటీలు ఎక్కడో పడిపోయాయి. 1933 అనుబంధంలో గానీ దానికి చోటు దొరకలేదు. ఆ మధ్యకాలంలో బాండ్‌మెయిడ్ అబద్ధమైపోయిందా? డోర్డ్ నిజమైపోయిందా?

అందుకే వింత మాట ఎదురైనప్పుడు ‘ఇది నిజమా, అబద్ధమా’ అని అడిగితే సమాధానం దొరకదు. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎవరి నోట అని అడగాలి. ప్రీపోన్ ఒంగోలులో నిజం, లండన్‌లో అరకొర. సిలికోసిస్ ఆస్పత్రిలోనూ కోర్టులోనూ నిజం. 45 అక్షరాల మాట క్విజ్ పోటీలో తప్ప ఎక్కడా నిజం కాదు. నిఘంటువుల్లో కనబడే ప్రాంతం పేరు, కాలం గుర్తు, ‘వాడుకలో లేదు’ అనే గమనిక, ఇవన్నీ ఈ ప్రశ్నలకు జవాబులే. మన పిల్లలు పదం చూసి అర్థం రాసుకుని పుస్తకం మూసేస్తారు. అసలు సరుకు ఆ గమనికల్లోనే ఉంటుంది.

ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2016లో అయ్యో అనే మాటను చేర్చుకున్నారు. 2017లో మన దేశపు మాటలు ఒక డెబ్భై దాకా ఒకేసారి చేర్చారు, వాటిలో అన్న ఉంది. మనవాళ్లు పండగ చేసుకున్నారు, అయ్యోకు ఆ రోజే గౌరవం దక్కినట్టు. ఇంగ్లీషులో అయ్యో అని రాసే మనుషులు అంతకు ముందు ఎన్నో తరాలుగా ఉండబట్టే అది అక్కడికి చేరింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చేసింది నమోదు.

మార్కాపురం డివిజన్‌లో ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకు ఒక మనవి. జవాబు పత్రంలో తెలియని మాట కనబడితే వెంటనే కొట్టేయకండి. మూడు నాలుగు పత్రికల్లో, వేర్వేరు సంవత్సరాల్లో, వివరణ లేకుండా ఎవరైనా వాడారేమో ముందు వెతకండి. దొరికితే ‘మన దేశంలో చెల్లుతుంది’ అని పక్కన రాసి మార్కు వేయండి. ఈ సెలవుల్లో పిల్లలకు పొడవైన పదం బట్టీ పట్టించే బదులు ఒక నోటుబుక్కు ఇవ్వండి. పలకల కార్ఖానాలో, ట్రాక్టరు షెడ్డులో, మిర్చి కాటా దగ్గర, బస్టాండులో పెద్దవాళ్ల నోట వినబడిన ఇంగ్లీషు మాటను, అది వచ్చిన పూర్తి వాక్యంతో, ఊరు పేరుతో, తేదీతో రాసుకు రమ్మనండి. ముర్రే అడిగిన చీటీ కూడా అంతే. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఇప్పటికీ పాఠకులు పంపే పదాలను, వాక్యాలను తీసుకుంటూనే ఉన్నారు.